నలభై డాలర్ల స్వెట్టర్

ఆర్డిస్ ఎవరినీ తోసుకుని లోపలికి వెళ్ళదు. గురువారం పొద్దున కొట్టు తలుపు తీయగానే బయట చలిలో నిలబడ్డ ఆడవాళ్ళంతా గాజు సామాన్ల వైపు కొందరు, బూట్ల వైపు కొందరు ఎగబడతారు. ఆవిడ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, చేతి తొడుగులు తీసి కోటు జేబులో కుక్కుకుని, అరచేతులు రెండూ రుద్దుకుని వేడి చేసుకుంటుంది. చల్లటి చేతికి బట్ట నిజం చెప్పదని ఆవిడ నమ్మకం. చేతులు వేడెక్కాక అప్పుడు గోడ మీద పలక చూస్తుంది.

ఆ వారం పలక మీద ఆకుపచ్చ అని రాసుంది. అంటే ఆకుపచ్చ చీటీ ఉన్నవన్నీ సగం ధరకే. వారానికో రంగు. ఏ రంగో తలుపు తీసేదాకా దేవుడికి కూడా తెలీదు, ఎందుకంటే సీసాలో చెయ్యి పెట్టి రంగు చీటీ తీసేది డెలోరిస్. ఆవిడ ఆర్డిస్‌కి చిన్నప్పటి స్నేహితురాలే, అయినా ఆ విషయంలో కన్నతల్లికి కూడా చెప్పే రకం కాదు. ఒకప్పుడు ట్రాక్టర్ల సామాన్లు అమ్మిన ఆ కొట్టుని చర్చి ఆడవాళ్ళే జీతం లేకుండా నడుపుతారు. ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన పాత వస్తువులు ఊళ్ళోవాళ్ళే కొనుక్కుంటారు, వచ్చిన డబ్బుతో లేనివాళ్ళకి సరుకులు వెళ్తాయి.

ఆర్డిస్ పని మొదలుపెట్టింది. ఎడమ చేత్తో హ్యాంగర్లు జరుపుతూ కుడి చెయ్యి బట్టల భుజాల మీంచి పోనిస్తుంది. కళ్ళు ఎక్కడో ఉంటాయి, పక్కవాళ్ళతో వాన సంగతో మోకాళ్ళ నొప్పి సంగతో మాట్లాడుతూనే ఉంటుంది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. నైలాన్, నైలాన్, ఉతికి ఉతికి పలచబడ్డ కాటన్, మళ్ళీ నైలాన్. మిల్లు స్వెట్టర్ల వరస సగానికి వచ్చేసరికి ఉన్నట్టుండి వేళ్ళు ఆగిపోయాయి. ఆవిడ వాన సంగతి మధ్యలోనే వదిలేసింది.

నల్లటి ఊలు, దాని మీద మంచు రాలినట్టు తెల్ల చుక్కలు, మెడ చుట్టూ, చేతుల అంచుల్లో ఎరుపూ ఆకుపచ్చా కలిసిన పట్టీ. ముందువైపు తగరపు కొక్కేలు, రెండు చిన్న జేబులు. ఆర్డిస్ దాన్ని పైకి తీయలేదు, పక్కనున్నవాళ్ళ కళ్ళు పడతాయని. ఉన్నచోటే అంచు తిరగేసి లోపలివైపు చూసింది. రంగు మారిన ప్రతిచోటా వెనకనుంచి పోయిన దారం ఒక్క వదులు లేకుండా, ఒక్క బిగువు లేకుండా నడిచింది. ఎక్కడా ముడి కనిపించలేదు. చంకల్లో ఉండ కట్టలేదు. మోచేతుల దగ్గర ఊలు ఇంకా పొంగు దిగలేదు. ఎవరో ఏడాది పాటు కూర్చుని అల్లింది, ఎవరూ ఒక్కరోజు కూడా వేసుకోనిది. చీటీ చూస్తే ఆకుపచ్చ. దాని మీద ఎనిమిది.

నాలుగు డాలర్లు! దాన్ని చేతి మీద వేసుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళి వరసలో నిలబడింది. గల్లాపెట్టె దగ్గర డెలోరిస్ దాన్ని చూసి, ఇది నా కంట పడలేదేం అని నొచ్చుకుంది. వెనక పొడుగాటి వరస ఉండబట్టి నాలుగు డాలర్లు తీసుకుని మడతపెట్టి ఇచ్చేసింది.

ఈ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. నీ గౌను బాగుంది అని ఎవరైనా అంటే సంతోషం అని ఊరుకోకూడదు, గొప్పలకి పోయినట్టుంటుంది. ధర చెప్పాలి. ధర ఎంత తక్కువైతే అంత పరువు. ఎక్కువ పెట్టి కొన్నవాళ్ళు ఇంట్లో తాగుబోతు ఉన్నంత గుట్టుగా ఆ సంగతి దాచుకుంటారు. నమ్మనివాళ్ళుంటారు కాబట్టి కొత్తది మొదటిసారి వేసుకున్న రోజు కొట్టు చీటీ జేబులో పెట్టుకోవడం కూడా ఆచారమే. ఆర్డిస్ మొగుడు హార్లాన్ బతికున్న రోజుల్లో ఆవిడని చూపించి, మా ఆవిడ ఈ జిల్లా మొత్తాన్నీ తక్కువకి కొనేయగలదు అనేవాడు. ఆయన మెచ్చుకోలుగా అన్న మాటలు మొత్తం మీద నాలుగైదుంటాయి, అందులో అదొకటి. పిల్లల చదువులూ అప్పులూ అన్నీ గట్టెక్కింది ఆ వేళ్ళ మీదే మరి.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ. ఆర్డిస్ మెట్లు దిగుతుండగానే తలలు తిరిగాయి. ఆవిడ కావాలనే నెమ్మదిగా దిగింది. మొదట వచ్చింది ఫెర్న్. రెండు డాలర్లకి తోలు బూట్లు కొని, ఏడాదిగా ఆ కథే చెప్పుకుని బతుకుతున్న మనిషి.

"చేత్తో అల్లిందేనా ఆర్డిస్ అది? నిజం చెప్పు, ఎంత?"

చుట్టూ నలుగురైదుగురు చేరారు. ఆర్డిస్ కుడి చెయ్యి జేబులోకి పోయి చీటీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. తొందరపడకుండా ఒక గుక్క కాఫీ తాగి, గొంతు సవరించుకుని నోరు తెరిచింది. అంతలో పక్కనుంచి ఒక ముసలి చెయ్యి వచ్చి ఆవిడ ఎడమ మణికట్టు పట్టుకుంది.

సోల్వేగ్. ఎనభై దాటిన మనిషి, ఈ చర్చిలో సగం మంది పిల్లలకి పుట్టగానే టోపీ అల్లి ఇచ్చింది ఆవిడే. స్వెట్టర్ చేతి అంచు తిరగేసింది. కళ్ళజోడు పైకి నెట్టి లోపలి అల్లిక మీద బొటనవేలు పోనిచ్చింది. మళ్ళీ అంచు సరిగ్గా తిప్పి, రెండుసార్లు నిమిరి వదిలింది.

"బాగా అమిరింది నీకు," అంది. "చేతులే కాస్త పొడుగు."

తన కప్పు బల్ల మీద పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయింది. కప్పు నిండుగా ఉంది. ఈ ఊళ్ళో కాఫీ నిండు కప్పు వదిలి వెళ్ళడమంటే నడివీధిలో నిలబడి కేకలు పెట్టినట్టే.

ఎంతో చెప్పవేం అని ఫెర్న్ మళ్ళీ అడిగింది. ఆర్డిస్ జేబులోంచి చెయ్యి తీసేసి, కాఫీ చల్లారిపోతోంది అంది. పుట్టి బుద్ధెరిగాక ధర అడిగితే ఆవిడ చెప్పకపోవడం అదే మొదలు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫెర్న్ మొహంలోకైతే మెల్లగా వెలుగొచ్చింది.

కప్పులు కడిగే చోట డెలోరిస్ ఆవిడని పక్కకి లాగి సంగతి చెప్పింది. ఆ స్వెట్టర్ సోల్వేగ్ తన మనవడి పెళ్ళాం టెస్సా కోసం అల్లింది. బొటనవేలు వాచిపోతుంటే కట్టు కట్టుకుని ఏడాది పొడుగునా అల్లి, పోయిన క్రిస్మస్‌కి ఇచ్చింది. మొన్న టెస్సా ఒక సంచి తెచ్చి కొట్లో వదిలి వెళ్ళింది. ఆ సంచి విప్పింది డెలోరిస్ కాదు, పక్క ఊరినుంచి వచ్చే ఇంకొకావిడ.

"నేను విప్పుంటే బయట వేలాడదియ్యనిచ్చేదాన్నా?" అని డెలోరిస్ కళ్ళు తుడుచుకుంది.

ఆర్డిస్ ఇంటికెళ్ళి స్వెట్టర్ విప్పి మంచం మీద పరిచి ఎదురుగా కూర్చుంది. నాలుగు డాలర్లు అని ఆ గదిలో, ఆ ముసలిదాని చెవిన పడేలా అరవబోయింది తను. ఆ ఒక్క గుక్క కాఫీ తాగకుండా ఉంటే అనేసేది కూడా. టెస్సా మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ అదీ నిలబడలేదు, ఆ పిల్ల మంచిపిల్లే. ఇంకో సంగతి కూడా ఉంది, ఆర్డిస్ తనకి తాను అబద్ధం చెప్పుకోదు: ఇంత జరిగినా ఆ స్వెట్టర్ వదులుకోవాలని లేదు. అంత మంచి సరుకు ఆ వేళ్ళ కింద ఇంతవరకు పడలేదు.

రెండు రోజులు అలాగే ఊరుకుంది. మూడో రోజు నిమ్మకాయ తీపిబిళ్ళలు ఒక పళ్ళెం నిండా ఓవెన్లో కాల్చి, స్వెట్టర్ మడిచి సంచిలో పెట్టి, సోల్వేగ్ ఇంటికి బయల్దేరింది. ఈ ఊళ్ళో చావుకైనా, పుట్టుకకైనా, తప్పుకైనా పళ్ళెం లేకుండా ఎవరి గుమ్మమూ ఎక్కరు.

సోల్వేగ్ లోపలికి రమ్మంది. కాఫీ తాగుతావా అని అడిగితే ఆర్డిస్ వద్దంది. కొంచెం తాగు అంటే, అబ్బే మీకెందుకు శ్రమ అంది. ఎలాగూ పొయ్యి మీద ఉందిలే అని మూడోసారి అన్నాక, అయితే ఒక్క చుక్క అంది. అదీ వరస. మూడోసారిదాకా వద్దనడం మర్యాద, మూడోసారి సరే అనడం మర్యాద.

కిటికీ పక్కన సోల్వేగ్ కుర్చీ ఉంది. దాని పక్కన ఎప్పుడూ ఉండే ఊలు బుట్ట లేదు. గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె, నాలుగువైపులా టేపు వేసి బిగించి ఉంది. పైన అల్లిక సూదులన్నీ రబ్బరు బ్యాండు వేసి కట్టగట్టి ఉన్నాయి.

"గురువారం కొట్టుకి పంపించేస్తున్నా," అంది సోల్వేగ్, ఆర్డిస్ చూపు చూసి. "కళ్ళు ఆనడం లేదు."

కళ్ళకేమీ కాలేదని ఇద్దరికీ తెలుసు. వీధి అవతల పోతున్న కారు ఎవరిదో అంతకుముందే చెప్పింది ఆవిడ. తను వచ్చింది ఒక స్వెట్టర్ సంగతి తేల్చుకోవడానికి. ఆ పెట్టె గుమ్మం దాటి వెళ్ళిందంటే ఇక ఈ ఊళ్ళో పుట్టే పిల్లలకి టోపీలుండవు, ఈ కిటికీ పక్కన ఈ మనిషి ఉత్త చేతులతో కూర్చుంటుంది. అంతకంటే చావు నయం అనుకుంది. సంచి ముందుకు జరిపి, ఇది మీ దగ్గరే ఉండాలి సోల్వేగ్, తీసుకోండి అంది.

సోల్వేగ్ వద్దంది. ఆర్డిస్ మళ్ళీ అంది. సోల్వేగ్ మళ్ళీ వద్దంది. మూడోసారి ఆర్డిస్ స్వెట్టర్ బయటికి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. సోల్వేగ్ దాన్ని ఎత్తి తిరిగి ఆర్డిస్ ఒళ్ళో పెట్టింది. మూడోసారి కూడా వద్దంటే ఇక అది మర్యాద కాదు, నిజంగా వద్దనే.

కాసేపు ఇద్దరూ తీపిబిళ్ళలు తిన్నారు. పుల్లగా బాగున్నాయంది సోల్వేగ్. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"ఎంతకి కొన్నావు?"

అన్నిటికీ జవాబు అనుకుని వచ్చింది ఆర్డిస్, దీనికి తప్ప. జీవితంలో ఏ ధర మీదా ఒక్క సెంటు ఎక్కువ చెప్పింది లేదు, తక్కువ చెప్పిందీ లేదు. అదే ఆవిడ నిజాయితీ. గుమ్మం దగ్గర పెట్టె కేసి చూసింది.

"నలభై," అంది.

సోల్వేగ్ తల తిప్పింది. "నలభయ్యా? మన కొట్లోనా?"

"మన కొట్లోనే."

"పక్కన వేలాడేవి ఎంతున్నాయి? మిల్లువి?"

"ఐదు. ఆరు."

ఊఁ అంది సోల్వేగ్. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంది. "నలభై పెట్టి నువ్వు కొన్నావు," అంది. "నువ్వు!"

"చూశాక వదిలిపెట్టలేకపోయాను," అంది ఆర్డిస్. ఆ మాట నిజం కాబట్టి గొంతు తడబడకుండా వచ్చింది.

సోల్వేగ్ లేచి నిలబడి, వేసుకో చూస్తాను అంది. ఆర్డిస్‌ని వెలుతురు వైపు తిప్పింది. భుజాలు లాగింది, కొక్కేలు పెట్టింది, చేతులు చాపమంది. అంచులు రెండు వేళ్ళ మేర వేలాడుతున్నాయి. టెస్సా పొడుగు పిల్ల. ఇలా వేసుకుని ఊళ్ళో తిరిగితే అల్లినదానికి కొలతలు రావనుకుంటారు, నా పరువేం గాను అని గొణిగింది. అంచులు విప్పి మళ్ళీ అల్లాలంటే అదే ఎర్ర ఊలు కావాలి. సోల్వేగ్ వంటింట్లోంచి కత్తి తెచ్చి, గుమ్మం దగ్గరి పెట్టె టేపు అడ్డంగా కోసింది. ఊలు ఉండలన్నీ గచ్చు మీదికి దొర్లాయి. ఎర్రటిది ఏరుకుని, సూదుల కట్ట రబ్బరు బ్యాండు పళ్ళతో లాగి తెంపింది.

"శనివారం చర్చిలో చేపల విందుకి వేసుకుందువు గాని," అంది. "ఇక్కడ పెట్టి వెళ్ళు."

ఆర్డిస్ ఖాళీ సంచి పట్టుకుని ఇంటికి నడిచింది. చలి ముక్కుని కోసేస్తోంది. మనసు తేలిగ్గా ఉంది, బరువుగానూ ఉంది. నలభై! హార్లాన్ బతికుంటే కుర్చీలోంచి కింద పడేవాడు.

శనివారం చర్చి కింది గది చేపల వాసనతో, వెన్న కాగే వాసనతో నిండిపోయింది. పక్క ఊళ్ళనుంచి కూడా జనం వచ్చారు. వంటగదిలో సోల్వేగ్ ఆర్డిస్‌ని పట్టుకుని ఆప్రాన్ విప్పించి స్వెట్టర్ తొడిగింది. చేతుల అంచులు మణికట్టు ఎముక మీద సరిగ్గా వచ్చి కూర్చున్నాయి. ఎక్కడ విప్పి ఎక్కడ మళ్ళీ మొదలెట్టిందో ఆర్డిస్ వేళ్ళకి కూడా దొరకలేదు.

అంచులు సర్దుతూ సోల్వేగ్ మెల్లగా చెప్పింది. టెస్సాని పిలిచి మొహాన అడిగేసిందట. ఊలు తగిలితే ఆ పిల్లకి ఒళ్ళంతా దద్దుర్లు. ఆ మాట చెబితే నానమ్మ బాధపడుతుందని చెప్పలేదు, బీరువాలో పెట్టుకుంటే ప్రతిరోజూ కనపడి ఏడుపొస్తోందని రహస్యంగా ఇచ్చేసింది. ఇద్దరూ కూర్చుని ఏడిచారట.

"పిచ్చి మొద్దు. ఇప్పుడు నూలుతో అల్లుతున్నా దానికి," అంది సోల్వేగ్.

ఆర్డిస్ ఉడికిన బంగాళాదుంపల గిన్నె ఎత్తుకుని గదిలోకి వెళ్ళింది. ఫెర్న్ బల్ల దాకా వచ్చేసరికి, కాచుకుని ఉన్న ఫెర్న్ చెంచా కింద పెట్టింది. పోయిన ఆదివారం అడిగితే కాఫీ చల్లారుతోందన్నావు, ఇవాళ బంగాళాదుంపలు చల్లారుతున్నాయంటావా అంది. బల్ల చుట్టూ నవ్వులు. ఇప్పుడైనా చెప్పు, ఎంత?

ఆర్డిస్ నోరు తెరిచేలోపు వెనకనుంచి గొంతు వినిపించింది. కాఫీ కూజా పట్టుకుని సోల్వేగ్ నిలబడి ఉంది.

"నలభై డాలర్లు," అంది, చివరి బల్లకి కూడా వినబడేలా. "నా చేత్తో అల్లింది. నలభై పెట్టి కొనుక్కుంది."

పాత బట్టల కొట్లో నలభై! కొత్త కోటు వస్తుంది ఆ డబ్బుకి. ఫెర్న్‌కి నమ్మకం కుదరలేదు. వంటగది కిటికీలోంచి పళ్ళేలు అందిస్తున్న డెలోరిస్ కేసి తిరిగి, గల్లా దగ్గర కూర్చునేది నువ్వే కదా, నిజమేనా అని అడిగింది. డెలోరిస్ ఆర్డిస్ వైపు చూసింది. సోల్వేగ్ వైపు చూసింది. చేతిలో పళ్ళెం తుడిచిందే తుడిచింది.

"నలభయ్యే," అంది. "నేనే తీసుకున్నా."

ఫెర్న్ జాలిగా నిట్టూర్చింది. ఏం చేస్తాం ఆర్డిస్, వయసు మీద పడ్డాక చెయ్యి కూడా తప్పుతుంది, నా బూట్ల సంగతి గుర్తుందా, రెండు డాలర్లు అంది. చుట్టూ ఉన్నవాళ్ళు మొహమాటానికి పళ్ళేల్లోకి చూసుకున్నారు. ఇన్నేళ్ళ పేరు ఆ గదిలో, చేపల వాసన మధ్య, అందరూ చూస్తుండగా పోయింది. ఆర్డిస్ చెవులు కాలిపోయాయి. ఒక్క మాట అంటే చాలు, పేరు తిరిగొచ్చేస్తుంది. ఆవిడ ఆ మాట అనలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఫెర్న్ మొహం ముందు చాపి అంచులు తిరగేసి చూపించింది.

"ఈ పని చూడు," అంది. "నలభైకి ఎక్కడొస్తుంది?"

ఫెర్న్ చూసింది. చూడక తప్పలేదు. చూశాక వేలితో తాకింది కూడా. ఆర్డిస్ తల ఎత్తుకుని తర్వాతి బల్లకి వెళ్ళింది. పేరు పోయినా ఎందుకో, నాలుగు డాలర్లని అరవబోయిన ఆ ఆదివారం కంటే ఇప్పుడే తను గొప్పగా నడుస్తున్నట్టు అనిపించింది.

జనం పలచబడ్డాక వంటగది మూల బల్ల దగ్గర కూలబడింది. సోల్వేగ్ రెండు కప్పుల్లో కాఫీ పోసి, ఒకటి ఆవిడ ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆర్డిస్ కప్పు ఎత్తింది. సాసర్లో, కప్పు కింద, ఆకుపచ్చ చీటీ ఉంది. మూలలు నలిగి ఉన్నాయి. మీద పెన్నుతో ఎనిమిది.

జేబు! ఆ ఆదివారం జేబులో పెట్టుకున్న చీటీ జేబులోనే ఉండిపోయింది. ఆర్డిస్ కప్పు మళ్ళీ కింద పెట్టలేదు, పైకీ ఎత్తలేదు.

"ఆ రోజు స్వెట్టర్ విప్పిచ్చి నువ్వు మా గుమ్మం దిగకముందే దొరికింది," అంది సోల్వేగ్. "ఆకుపచ్చ. ఎనిమిదిలో సగం."

"మరి అందరి ముందూ..."

"నలభై అన్నది నువ్వు. అన్నదానివి మొయ్యాలి కదా!" సోల్వేగ్ పెదాలు బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. "ఊలుకే డెబ్బై అయింది నాకు. నువ్వు మన కొట్లో నలభై పెట్టావంటే నమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? నీ పెళ్ళి కేకు కూడా బేరమాడిన మనిషివి."

ఆర్డిస్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నన్ను క్షమించండి అనబోయింది. సోల్వేగ్ చెయ్యి ఊపి ఆపేసింది. బల్ల మీదికి వంగి ఆ స్వెట్టర్ అంచుని బొటనవేలితో ఒకసారి నిమిరింది.

"నా కోసం నలభై అన్నావు చూడు," అంది. "ఈ ఊళ్ళో ఇంకెవరన్నా అంటే మామూలు మాట. నువ్వన్నావు. బతికినన్నాళ్ళూ మర్చిపోను."

తన కప్పు అడుగు కనిపించేదాకా తాగింది. ఆర్డిస్ సాసర్లోని చీటీ తీసి మళ్ళీ జేబులో పెట్టుకుంది.

బయటికొచ్చేటప్పుడు మెట్ల దగ్గర విందుకి పక్క ఊరినుంచి వచ్చిన ఒకావిడ ఆర్డిస్‌ని ఆపింది. ఎంత బాగుందండీ ఈ స్వెట్టర్, ఎక్కడ కొన్నారు అని అడిగింది. ఆర్డిస్ కుడి చెయ్యి జేబులోకి పోయింది. లోపల చీటీ వేళ్ళకి తగిలింది. తొందరపడకుండా గొంతు సవరించుకుంది.

"మా కొట్లోనే," అంది. "నలభై డాలర్లు!"